పాత మాస్సీ ట్రాక్టర్‌కు వెనక ఆక్సిల్ ఆయిల్ సీలు మార్చే విధానం

పర్లాకిమిడి, గుణుపురం వైపు దమ్ము పనులు ముగిసేసరికి పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టర్లలో కొన్నింటికి ఒకవైపు వెనక డ్రమ్ము అంచున నల్లటి జిడ్డు కారి, ఆ వైపు బ్రేకు పట్టడం మానేస్తుంది. వెంటనే కొత్త సీలు (ఆక్సిల్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే ఉంగరం) కొనుక్కురావడం అందరూ చేసే పనే గాని, పాతది ఎందుకు పోయిందో ముందు తేల్చుకోవాలి. బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి, బురదతో పూడుకుపోతే లోపల వేడెక్కిన గాలి వేరే దారి లేక ఆయిల్‌ను సీలు మీదుగా బయటికి తోస్తుంది. డిప్‌స్టిక్ గుర్తు దాటి ఆయిల్ పోసినా కారే అవకాశం ఉంది. చక్రాన్ని లేపి పైనా కిందా పట్టి ఊపినప్పుడు కదలిక ఎక్కువగా తెలిస్తే బేరింగును కూడా చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగుకు తిరిగి ఉంటే దానిలో నీరు చేరినట్టే.

గట్టి నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ఆక్సిల్ హౌసింగ్ (ఇరుసు చుట్టూ ఉండే ఇనుప తొడుగు) కింద జాకీతో లేపి, బలమైన దుంగలు పేర్చిన తరువాతే చక్రం విప్పాలి. బరువు కోసం టైరులో నింపిన నీళ్లు వంద లీటర్లకు పైనే ఉంటాయి కనుక వాటిని ముందే తీసేయడం మంచిది. ఆయిల్ దించి, డ్రమ్ము, బ్రేకు షూలు తీసి, సీలు ఉండే ప్లేటు నట్లు విప్పితే ఆక్సిల్ షాఫ్టు ప్లేటుతో సహా బయటికి వస్తుంది. షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) ఏ వైపువి ఆ వైపే, లెక్క తప్పకుండా దాచాలి.

అసలు కష్టం కాలర్ దగ్గర మొదలవుతుంది. బేరింగును పట్టి ఉంచే ఆ ఉంగరం వేడి మీద ఎక్కించి బిగిసినది కాబట్టి, షాఫ్టుకు తగలకుండా డ్రిల్లు వేసి, ఉలితో చీల్చి తీయాలి. కళ్లద్దాలు లేకుండా ఆ పనికి పూనుకోకూడదు. తిరిగి ఎక్కించేటప్పుడు సీలు బిగించిన ప్లేటు ముందు, బేరింగు తరువాత, కాలర్ చివర. ఒకసారి నేను ప్లేటును గోడకు ఆనించి మరిచిపోయి కాలర్ ఎక్కించేశాను. చల్లారేలోగా గుర్తుకు రాలేదు, కొత్త కాలర్‌ను మళ్లీ చీల్చవలసి వచ్చింది.

సీలు కొనేటప్పుడు పాతదాని మీది అంకెలు చూపించాలి, అవి చెరిగిపోతే వెర్నియర్ కొలత పరికరంతో కొలిపించాలి. స్ప్రింగు ఉన్న అంచు ఆయిల్ వైపే ఉండాలి. అంచుకు గ్రీజు రాసి, చెక్కముక్క ఆనించి చుట్టూ సమంగా తట్టాలి. షాఫ్టు మీద సీలు తిరిగే చోట గోరు ఆగేంత గాడి పడి ఉంటే ఎంత మంచి సీలైనా నిలవదు, అక్కడ స్లీవు (పలుచని లోహపు తొడుగు) ఎక్కించవలసిందే. కాలర్ వేడి సీలుకు తగలకుండా తడిగుడ్డ చుట్టాలి.

ఆయిల్ పీల్చిన బ్రేకు లైనింగులను పెట్రోలుతో కడిగి మళ్లీ వాడకుండా కొత్తవి వేయాలి. పాత లైనింగుల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక దానిని ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. బ్రీదర్ శుభ్రం చేసి, గుర్తు వరకే ఆయిల్ పోసి, చక్రం నట్లను ఎదురెదురుగా బిగించాలి. మొదటి పూట పని అయ్యాక ఆ నట్లను మరోసారి బిగించి, డ్రమ్ము అంచును వేలితో తడిమి చూడాలి.