స్విస్ డ్రెస్ వాచ్ కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి

డబ్బు ఎక్కువ పెడితే వాచీ మరింత బాగా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. వేడుకలకు, మంచి బట్టల మీదకు పెట్టుకునే డ్రెస్ వాచీల్లో లెక్క అది కాదు. స్విస్ కంపెనీ టిస్సో చేసే లే లోక్‌ల్ పవర్‌మాటిక్ 80 వాచీ, లోపలి స్ప్రింగు పూర్తిగా చుట్టుకున్నాక దాదాపు 80 గంటలు నడుస్తుంది. దానికి ఎన్నో రెట్లు ధర ఉన్న పటెక్ ఫిలిప్ కాలట్రావా 6119 కనీసం 65 గంటలు నడుస్తుంది. మూడు రోజులు తీసి పక్కన పెట్టి మళ్లీ పెట్టుకునేవాళ్లకు మొదటిదే హాయి!

మరి అంత డబ్బు ఎక్కడికి పోతుంది? వాచీ చుట్టూ ఉండే బంగారు కేసు ఒక కారణం. అసలైనది చేతిపని. షాపులో సిగ్గుపడకుండా భూతద్దం అడిగి, వెనక గాజులోంచి చూడండి. లోపలి పలకల అంచులు ఏటవాలుగా చెక్కి అద్దంలా మెరుస్తున్నాయా, మూలలు పదునుగా ఉన్నాయా గమనించండి. ఆ పని చూసి మీ మనసు నిలిచిపోతే ఖరీదైన వాచీకి అర్థం ఉంది. లేదంటే టిస్సో, లాంజీన్స్ స్థాయి చాలు, నిశ్చింతగా కొనుక్కోండి.

‘స్విస్ మేడ్’ అన్న మాట ఒక్కటే చూసి మురిసిపోకండి. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో కావాలి, అంతేగానీ మొత్తం అక్కడే కానక్కర్లేదు.

ఇంకొకటి, సర్వీసింగ్. ఇలా స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీకి కొన్నేళ్లకోసారి అది తప్పదు. కొనకముందే ఆ ఖర్చెంతో, వాచీని ఎక్కడికి పంపుతారో అడిగి రాయించుకోండి.