అల్లాయ్ చక్రాలకు పౌడర్ కోటింగ్ వేయించే ముందు
విశాఖ బీచ్ రోడ్డు పరిసరాల్లో కారు నిలిపేవారికి ఉప్పుగాలి వల్ల అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమ) చక్రాల పూత పొంగి, తెల్లటి పొడి తేలడం కొత్త కాదు. వాటికి పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగును చల్లి వేడితో అతికించే పూత, మంచి రక్షణే. అయితే ఆ పొడిని సాధారణంగా 180 నుండి 200 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి గట్టిపరుస్తారు కాబట్టి, వేడి అంతకు మించినా, పదే పదే కాల్చినా, ఉష్ణశుద్ధితో బలం పొందిన అల్యూమినియం మిశ్రమం మెత్తబడే ప్రమాదం ఉంది. ఓవెన్‌లో లోహపు ఉష్ణోగ్రతను ఎలా కొలుస్తారని ముందే అడగండి. పనివారు నీళ్లు నమిలితే చక్రాలను వెనక్కి తెచ్చుకోవడమే మేలు. ఇనుప చక్రాలకు ఈ బెంగ లేదు. పాత పూత తీయగానే పగుళ్లను పరీక్షింపజేయాలి, ఎందుకంటే కొత్త పూత వాటిని దాచేస్తుంది. నట్లు కూర్చునే గుంతలకు, హబ్‌ను (చక్రాన్ని బిగించే ఇరుసు భాగాన్ని) ఆనుకునే ముఖానికి పూత అంటకుండా కప్పించాలి. అక్కడ పూత నలిగితే నట్లు వదులవుతాయి. బిగించాక సుమారు 80 కిలోమీటర్లు తిరిగి, టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) నట్ల బిగుతును మళ్లీ సరిచూడాలి.