అమెరికా, జపాన్ ఆంప్లిఫైయర్లు వైజాగ్‌లో మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఓడల మీద పనిచేసేవాళ్ళు, అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్ళు మంచి మంచి ఆంప్లిఫైయర్లు, టర్న్‌టేబుళ్ళు (రికార్డు ప్లేయర్లు) తెస్తుంటారు, వాటిని ఇక్కడ తప్పుగా కలిపి పాడుచేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ముందు వెనక పలక చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మారిస్తే చాలు. ఒక్క 120 (అమెరికా) లేదా 100 (జపాన్) అనే ఉంటే కింది సంగతులన్నీ మీకోసమే.

ప్లగ్ పెట్టగానే ఠప్‌మంది, ఇక ఆన్ కావట్లేదు

పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజిని తగ్గించదు, మన 230 వోల్టులు నేరుగా లోపలికి పోయాయి. స్టెబిలైజర్ కూడా ఈ పని చేయదు. అదృష్టం బాగుంటే ఫ్యూజు ఒక్కటే పోయుంటుంది, సరిగ్గా అదే రేటింగుది వేసి, ఈసారి వోల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదే పెట్టండి. మళ్ళీ పోతే మెకానిక్ దగ్గరికే, పెద్ద ఫ్యూజు మాత్రం దయచేసి వేయకండి.

కాసేపు పాడి వేడెక్కుతోంది, వాసన వస్తోంది

బహుశా మీ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకి చాలనంత చిన్నది. వెనక 200 వాట్లని ఉంటే 400 వీఏ (వోల్ట్-ఆంపియర్, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల భారం) ఉన్నది కొనండి. జపాన్ సెట్టయితే ఇంకో చిక్కు: బజార్లో దొరికేవి ఎక్కువగా 110 వోల్టులవి, మన కరెంటు 245కి పెరిగినప్పుడు అది 117 ఇస్తుంది, 100 వోల్టుల సెట్టుకి అది చాలా ఎక్కువ. డాబాగార్డెన్స్‌లో అడిగినా ఎక్కడ అడిగినా 100 వోల్టుల ట్యాపింగ్ (చుట్టలోంచి ఆ వోల్టేజికి తీసే వైరు) కావాలని స్పష్టంగా చెప్పి చేయించుకోండి.

గుర్రుమని హమ్, బరబర

ఇస్త్రీపెట్టెలు, హెయిర్ డ్రైయర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్లు కరెంటు తరంగాన్ని ముక్కలుగా కోసి ఇస్తాయి. ఆడియోకి అవి పనికిరావు, బరువుగా ఉండే రాగి చుట్టల ట్రాన్స్‌ఫార్మరే కావాలి. అది ఉన్నా హమ్ వస్తుంటే దాన్ని టర్న్‌టేబుల్‌కి, సిగ్నల్ వైర్లకి ఓ మీటరు దూరం జరపండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను మాత్రం కోసేయకండి. ఆటో ట్రాన్స్‌ఫార్మర్లలో (విడివిడి చుట్టలు కాక ఒకే చుట్ట ఉండేవాటిలో) లోపలి చుట్ట ఇంటి మెయిన్స్ కరెంటుతో కలిసే ఉంటుంది, 110 కదా అని ధైర్యంగా ముట్టుకుంటే షాక్ కొడుతుంది.

రికార్డు నెమ్మదిగా తిరుగుతోంది

ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని మారుస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని (కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కని) కాదు. అమెరికాలో 60 హెర్ట్జ్, మనకి 50, పాత ఏసీ సింక్రనస్ మోటార్ వేగమేమో ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడుతుంది, కాబట్టి నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన పళ్ళెం 28 దగ్గరే ఆగుతుంది, ఘంటసాల గారి పాట దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. ఎంత ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్ కొన్నా ఇది మారదు. 50 హెర్ట్జ్ పుల్లీ (బెల్టుని తిప్పే మోటార్ చక్రం) వేయాలి. దొరక్కపోతే పాతదానికి 1.2 రెట్ల వ్యాసంతో లేత్ మీద చేయించవచ్చు, గాజువాక ఆటోనగర్ వైపు అడిగి చూడండి, బెల్టు మందం కూడా లెక్కలోకి తీసుకోమనండి. జపాన్‌లో టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 కాబట్టి అక్కడివాటిలో కొన్నింటికి మార్చుకునే ఏర్పాటు ముందే ఉంటుంది. డీసీ మోటార్ ఉన్నవాటికి ఈ గొడవే లేదు.

వాల్యూమ్ తిప్పితే కరకర, ఒక పక్క స్పీకర్ ఆగి ఆగి వస్తోంది

దీనికి ట్రాన్స్‌ఫార్మర్‌ని తప్పుపట్టకండి. లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉప్పుగాలికి స్విచ్చులు, జాక్‌లు పొరకడతాయి. ప్లగ్ తీసేసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్‌ని అటూ ఇటూ బాగా తిప్పి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి.