ఓడలో ప్రపంచయాత్ర, డబ్బు లెక్కలు – మూడో పాఠం: తర్వాతి రేవును చూసి డబ్బు మార్చుకోవడం

గత పాఠంలో ఓడ లోపలి ఖాతా సంగతి చూశాం. క్యాబిన్ కార్డు మీద పెట్టే ఖర్చంతా ఒకే కరెన్సీలో పడుతుంది, అప్పుడప్పుడూ రిసెప్షన్ దగ్గర ప్రింటవుట్ తీసుకుని సరిచూసుకోవాలి అనుకున్నాం. అప్పుడు ఇచ్చిన అభ్యాసం చేసి ఉంటే మీ దగ్గర ఇప్పుడు రేవుల పట్టిక ఉండాలి: ఏ తేదీన ఏ రేవు, అక్కడి కరెన్సీ పేరు, ఓడ ఎన్ని గంటలు ఆగుతుంది. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది కాబట్టి, రాయనివాళ్లు ముందు అది రాసుకుని రండి.

మామూలు విదేశీ ప్రయాణంలో ఒకటో రెండో కరెన్సీలతో పని జరిగిపోతుంది. ప్రపంచాన్ని చుట్టివచ్చే ఓడ అలా కాదు. మూడు నాలుగు నెలల్లో ఎన్నో దేశాలను తాకుతుంది, చాలాచోట్ల పొద్దున ఆగి సాయంత్రానికి కదిలిపోతుంది. చాలామంది ఒక్కో రేవునూ విడివిడిగా చూస్తారు: దిగుతారు, కొంత మారుస్తారు, మిగిలింది బ్యాగులో పడేస్తారు. యాత్ర ముగిసేసరికి ఇంకెక్కడా చెల్లని నోట్లు కవరు నిండా పోగవుతాయి. ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ఒక్కటే. ఏ రేవులో ఎంత నగదు తీసుకోవాలి, మిగిలితే ఏం చేయాలి అన్నది ఆ రేవు ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు, దాని తర్వాతి రేవును కూడా చూడాలి.

ముందు నష్టం ఎలా వస్తుందో లెక్కతో చూద్దాం. మారకం కౌంటర్ బోర్డు మీద రెండు రేట్లు ఉంటాయి, ఒకటి వాళ్లు కొనే రేటు, ఇంకొకటి అమ్మే రేటు. ఉదాహరణకి స్థానిక కరెన్సీలో డాలరును 92కి కొంటాం, 108కి అమ్ముతాం అని రాసి ఉందనుకోండి. మీరు 100 డాలర్లు ఇస్తే 9,200 చేతికొస్తాయి. ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా వెంటనే తిరిగి మార్చుకుంటే 9,200ని 108తో భాగించాలి, వచ్చేది 85 డాలర్ల చిల్లర. కౌంటర్ ముందు నిలబడినందుకే దాదాపు 15 డాలర్లు పోయాయి. ‘కమిషన్ లేదు’ అని పెద్ద అక్షరాల్లో రాసినా నష్టం ఈ రెండు రేట్ల మధ్యే దాగి ఉంటుంది. అందుకే బోర్డు చూడగానే రెండు అంకెల మధ్య దూరం చూడండి. అది ఎక్కువగా ఉంటే అక్కడ మార్చొద్దు. అసలు మిగలకుండా తీసుకోవడమే అన్నిటికంటే మేలు.

ఇక పట్టిక తీయండి. ప్రతి రేవు పక్కనా ఒక కొత్త గడి గీసి, ‘దాటుతుంది’ లేదా ‘దాటదు’ అని రాయాలి. అంటే ఇక్కడ మిగిలిన నోటు తర్వాతి రేవులో చెల్లుతుందా లేదా అని.

దీనికి నేను ఎప్పుడూ చూపించే జంట నమీబియాలోని వాల్విస్ బే, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. నమీబియా డాలరు, దక్షిణాఫ్రికా ర్యాండు విలువలో సమానం. ఒకటికి ఒకటి. నమీబియాలో ర్యాండు కూడా చట్టబద్ధంగా చెల్లుతుంది, దుకాణాల్లో మామూలుగా తీసుకుంటారు. కానీ నమీబియా డాలరు దక్షిణాఫ్రికాలో చెల్లదు. ఇప్పుడు ఓడ దారిని బట్టి ఆలోచించండి. కేప్‌టౌన్ ముందు, వాల్విస్ బే తర్వాత అయితే టెన్షన్ లేదు. మిగిలిన ర్యాండ్లు అలాగే తీసుకెళ్లి అక్కడ ఖర్చు పెట్టేయొచ్చు, కొత్తగా మార్చాల్సిన పనే ఉండకపోవచ్చు. దారి తిరగబడి వాల్విస్ బే ముందు వస్తే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ ఏటీఎంలో తక్కువే తీయాలి. ఎక్కడ కొన్నా ‘చిల్లర ర్యాండ్లలో ఇవ్వగలరా’ అని మర్యాదగా అడగాలి. నమీబియా నోట్లు ముందు ఖర్చు చేసి, ర్యాండ్లు జేబులో ఉంచుకోవాలి. అవే రెండు రేవులు, అదే డబ్బు. వరుస మారితే చేయాల్సింది పూర్తిగా మారిపోయింది. పట్టికలో మొదటి దారికి ‘దాటుతుంది’, రెండో దారికి ‘దాటదు’.

బ్రూనై, సింగపూర్‌ల విషయంలో ఇంత చిక్కు లేదు. 1967 ఒప్పందం ప్రకారం రెండు డాలర్లూ సమానం, రెండు చోట్లా రెండూ తీసుకుంటారు. పనామాలో నోట్లు అమెరికా డాలర్లే కానీ, చిల్లరలో పనామా సొంత కరెన్సీ అయిన బాల్బోవా నాణేలు కలిసి వస్తాయి. వాటిని అక్కడే వదిలించుకోండి. ట్యునీషియా దినార్లను దేశం దాటించడం నిషేధం కాబట్టి ఆ రేవు పక్కన ‘దాటదు’ అని ఎర్ర సిరాతో రాయండి.

కరీబియన్ దీవుల్లో ఇంకో జాగ్రత్త ఉంది. బార్బడోస్ డాలరు అమెరికా డాలరులో సగం. సెయింట్ లూసియా, ఆంటిగ్వా, గ్రెనడా లాంటి చోట్ల వాడేది తూర్పు కరీబియన్ డాలరు, అమెరికా డాలరుకి 2.70 చొప్పున 1976 నుంచీ స్థిరంగా ఉంది. ట్యాక్సీ డ్రైవర్ ‘ముప్పై డాలర్లు’ అంటే అది ఏ డాలరో బండి ఎక్కకముందే అడగండి. దిగాక అడిగితే వాదన మిగులుతుంది. అమెరికా డాలర్లు ఇచ్చినా చిల్లర స్థానిక కరెన్సీలోనే రావచ్చు, అందుకే పెద్ద నోట్లు కాకుండా ఒకట్లు, అయిదులు, పదులు పెట్టుకోండి.

తాహితీ, బోరా బోరాల్లో పసిఫిక్ ఫ్రాంకు నడుస్తుంది. వెయ్యి ఫ్రాంకులు సరిగ్గా 8.38 యూరోలు. ధర చూసి గుండె గుభేలుమనకుండా ఉండాలంటే 120 ఫ్రాంకులు ఒక యూరో అని గుర్తుంచుకుంటే చాలు. న్యూకలెడోనియాలోని నౌమెయాలోనూ ఇదే కరెన్సీ. మీ ఓడ రెండు చోట్లా ఆగితే, మధ్యలో వేరే దేశాలు వచ్చినా సరే, ఆ నోట్లను విడిగా కవరులో దాచండి.

నగదు ఎంత తీయాలి? కార్డు తీసుకోని ఖర్చులకు సరిపడా మాత్రమే. సిటీ బస్సు, సంత, చిన్న టిప్పు, రేవు దగ్గర టాయిలెట్. మిగతాదంతా కార్డు మీదే. అయితే కార్డు మెషిన్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెర మీద రెండు మొత్తాలు కనిపిస్తే, ఒకటి స్థానిక కరెన్సీలో, ఇంకొకటి మీ సొంత కరెన్సీలో ఉంటుంది. తెలిసిన కరెన్సీ కదా అని మన చెయ్యి అటే పోతుంది. అక్కడ మారకం రేటు వేసేది మీ కార్డు కంపెనీ కాదు, ఆ మెషిన్ వెనక ఉన్న సంస్థ. వాళ్ల లాభం అందులో కలిపే ఉంటుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కండి. దుకాణదారు మీ బదులు నొక్కేశాడని అనిపిస్తే, పిన్ కొట్టకముందే రద్దు చేసి మళ్లీ పెట్టమనండి. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న వేరే మాటల్లో వస్తుంది. ‘మార్పిడిని అంగీకరిస్తున్నారా’ అంటే వద్దు అని నొక్కినా డబ్బు వస్తుంది.

ఓడ కదలడానికి గంట ముందు జేబులో ‘దాటదు’ నోట్లు ఇంకా ఉంటే, ఏదైనా దుకాణంలో ఉన్నంత నగదు ఇచ్చి మిగతాది కార్డు మీద తీసుకోమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. నాణేలు ముందు ఇవ్వండి, ఎందుకంటే మారకం కౌంటర్లు సాధారణంగా నోట్లే తప్ప నాణేలు తీసుకోవు.

ఆపద్ధర్మంగా పెట్టుకునే అమెరికా డాలర్లను బయల్దేరేముందే ఒక్కొక్కటిగా వెలుతురులో చూడండి. ముఖం వైపు చిన్న అక్షరాల్లో సిరీస్ సంవత్సరం ఉంటుంది. తూర్పు ఆఫ్రికా రేవుల్లో పాత సిరీస్ నోట్లను, చిరిగినవాటిని, పెన్నుతో గీతలున్నవాటిని వెనక్కి ఇచ్చేస్తారు. మడతలు లేని కొత్త నోట్లే పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: ఓడ బ్రిడ్జ్‌టౌన్ (బార్బడోస్), కాస్ట్రీస్ (సెయింట్ లూసియా), సెయింట్ జాన్స్ (ఆంటిగ్వా), కోలోన్ (పనామా) వరుసలో ఆగుతుంది. నాలుగు రేవులకూ కరెన్సీ రాయండి, ప్రతి రెండింటి మధ్యా ‘దాటుతుంది’, ‘దాటదు’ గుర్తు పెట్టండి, ఏ రేవులో అసలు స్థానిక నగదు తీయనక్కర్లేదో చెప్పండి. ఆ తర్వాత బ్రిడ్జ్‌టౌన్, కాస్ట్రీస్ వరుస మార్చి మళ్లీ చేయండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో చూద్దాం.