కొత్త దేశంలో నోరు పెగలనప్పుడు

వచ్చిన కొత్తలో చాలామంది "నాకు ఇక్కడి భాష రాదు" అని తేల్చేసుకుంటారు. వ్యాకరణం వచ్చు, పదాలూ వచ్చు. తీరా ఎదుటి మనిషి "ఏం కావాలి?" అని అడిగేసరికి నోరు పెగలదు.

సొంత భాషలో మాటకారులకే ఇది మరీ కష్టం. నలుగురినీ నవ్వించిన మనిషి ఇక్కడ తలూపి ఊరుకోవాలి. నన్ను చూసి "మితభాషి" అనుకున్నవాళ్లూ ఉన్నారు, మా ఇంట్లో వింటే నవ్విపోతారు! సొంత భాషలో ఉన్న ధైర్యం రెండో భాషలోకి దానంతటదే రాదు. మాట్లాడటంలో బెరుకు మీద పరిశోధించిన మెక్రాస్కీ బృందం 1985లో ప్యూర్టో రికో విద్యార్థులను పరిశీలించింది. సొంత భాష స్పానిష్‌లో పెద్దగా బెరుకు లేనివాళ్లే ఇంగ్లీషు అనేసరికి జంకారు.

స్వభావం ప్రభావం లేదని కాదు. కలుపుగోలు మనుషులు తప్పో ఒప్పో మాట కలిపేస్తారు, ఆ రకంగా సాధన పెరుగుతుంది. అసలు దెబ్బ తీసేది తక్కువ మాట్లాడే గుణం కాదు, ఒక్క తప్పూ దొర్లకూడదనే పట్టుదల. టెన్షన్ పడుతుంటే బుర్రలో సగం దానికే సరిపోతుంది, పదాలు వెతుక్కోవడానికి మిగిలేది ఆ తక్కిన సగమే.

మనస్తత్వ పరిశోధకుడు మెకింటైర్, ఆయన సహచరులు 1998లో రెండో భాషలో మాట్లాడటానికి ముందుకు రావడాన్ని ఆరు అంచెల పిరమిడ్‌గా గీశారు. అందులో స్వభావం అట్టడుగున ఉంటుంది. ఫలానా మనిషితో మాట్లాడాలన్న కోరిక, ఆ క్షణంలో ఉన్న ధైర్యం పై అంచెల్లో, అంటే నోరు తెరవడానికి మరింత దగ్గరగా ఉంటాయి. నాకు ఈ బొమ్మ బాగా పనికొచ్చింది. స్వభావాన్ని అంత తేలిగ్గా మార్చుకోలేం, మనిషిని మాత్రం ఎంచుకోవచ్చు కదా.

కాబట్టి తొందరపెట్టని ఒక్క మనిషిని చూసుకోండి. పక్కింటి పెద్దావిడ కావచ్చు, పనిలో పక్క సీటు మనిషి కావచ్చు. రోజూ రెండు మాటలు చాలు. మీరు మితభాషి అయితే, "గుంపుల్లోకి వెళ్లు, బెరుకు పోతుంది" అనే సలహాను ఇప్పటికి పక్కన పెట్టండి. మాటకారులైతే జోకులకు తొందరపడకుండా ప్రశ్నలు అడగండి, మాట్లాడే భారం ఎదుటివాళ్ల మీద పడుతుంది. "కొంచెం మెల్లగా చెప్తారా?" అన్న వాక్యాన్ని ఎవరైనా సరే నిద్రలో లేపి అడిగినా చెప్పేలా నేర్చుకోవాలి.

ఫోన్ సంగతి వేరు. ముఖం కనపడదు, సైగలుండవు. చెప్పాల్సిన మొదటి రెండు వాక్యాలు కాగితం మీద రాసుకోండి. బ్యాంకుకు ఫోన్ చేయాలంటే నేను ఇప్పటికీ రాసుకుంటాను.