పొలం ఒడ్డున సిస్టికోలాను గుర్తించడం ఎలా

కెన్యా, టాంజానియా గడ్డిభూముల్లో సిస్టికోలా పిట్టలను గుర్తించబోయినవారికి తలనొప్పి తప్పదు. చాలా జాతులు ఒకే తీరున చిన్నగా, గోధుమరంగు ఒంటి మీద నల్లని చారలతో ఉంటాయి కనుక, వాటిలో అనేకానికి రూపాన్ని బట్టి కాక అరుపును బట్టే పేర్లు పెట్టారు. మనకు ఆ చిక్కు లేదు. ఆఫ్రికాతో పాటు దక్షిణ ఐరోపాలోనూ, దక్షిణాసియా నుంచి ఉత్తర ఆస్ట్రేలియా వరకూ కనిపించే ఒక జాతే నల్లగొండ, మహబూబ్‌నగర్ పొలాల్లోనూ ఉంటుంది. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, బరువు దాదాపు 10 గ్రాములు.

వెతకవలసిన కాలం వానాకాలం. నాట్లు పూర్తయి, ఒడ్ల మీద గడ్డి మోకాలెత్తు పెరిగాక, తెల్లవారగానే వరి మడుల పక్కకో, చెరువు శిఖంలో తుంగ పెరిగిన చోటికో వెళ్లి, ఆ రైతుకు ఒక మాట చెప్పి, ఒడ్డు మీదే నిలబడాలి. ముందు కళ్లకు కాదు, చెవులకు పని చెప్పాలి. కత్తెర ఆడించినట్టు "జిట్... జిట్..." అని తలపైన ఆగి ఆగి వినిపిస్తే అది మగపిట్ట. నేను మొదటిసారి దాన్ని ఏదో పురుగు చప్పుడనుకుని చాలాసేపు గడ్డిలోనే వెతికాను. అది గాలిలో ఎగుడుదిగుడుగా, అలలు అలలుగా తిరుగుతూ, ఒక్కో అలకు ఒక్కో "జిట్" చొప్పున అరిచి, ఉన్నట్టుండి గడ్డిలోకి దూకేస్తుంది. గడ్డిపోచ మీద వాలినప్పుడు పొట్టి తోకను విసనకర్రలా విప్పితే, ఈకల చివర తెల్లని అంచు కనబడుతుంది. తోక పొడవుగా ఉండి పైకి నిక్కి ఉంటే అది ప్రినియా అనే మరో చిన్న పిట్ట. ఈ రెండింటి విషయంలో పొరపాటు పడనివారు అరుదు.

గూడు కోసం మాత్రం వెతకవద్దు. పెరుగుతున్న పచ్చి గడ్డిపోచలనే సాలెగూటి దారాలతో దగ్గరకు లాగి కట్టి, పైభాగాన దారి ఉంచి, లోపల మెత్తని నూగు పరచి, నేలకు కొద్ది ఎత్తులోనే సంచిలాంటి గూడు అల్లుతాయి. పైకప్పు మొదలు చుట్టుగోడ దాకా అంతా బతికున్న గడ్డే కావడం వల్ల, ఫొటో కోసం రెండు పోచలు పక్కకు వంచినా ఆ మరుగు పోయి, గూడు జెముడుకాకి కంటో తొండ కంటో పడుతుంది. మగపిట్టను రప్పించాలని ఫోనులో దాని అరుపు వినిపించడం కూడా తగదు. పిట్ట నోట పురుగుతో ఒకే చోటికి పదేపదే దిగుతుంటే, అక్కడ పిల్లలున్నాయని గ్రహించి నాలుగడుగులు వెనక్కి జరగాలి. ఒడ్డు చెక్కబోయే రైతుకు ఆ జాగా చూపించి, అక్కడ రెండు మూరల గడ్డి వదిలేయమని అడిగితే సాధారణంగా కాదనరు.

కోతలు మొదలయ్యే నాటికి ఆ గగనవిహారం తగ్గిపోతుంది. ఆ తరువాత పిట్ట అక్కడే ఉన్నా, అడుగుల అలికిడికి లేచి, పది గజాల అవతల మళ్లీ గడ్డిలో మాయమవుతుంది. కనుక కొత్తగా చూడాలనుకునేవారు మళ్లీ వానలు పడేదాకా ఆగడమే మేలు.