గిఫ్ట్ కార్డు కోడ్ పనిచేయడం లేదా? ముందు సొమ్ము ఎక్కడ ఆగిందో చూడండి

పోయిన సంక్రాంతికి డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు మా అబ్బాయికి యాభై డాలర్ల గేమ్ గిఫ్ట్ కార్డు కొని, కోడ్‌ను వాట్సాప్‌లో పంపాడు. వాడు ఆత్రంగా కొట్టాడు. కోడ్ చెల్లదని తెర మీద వచ్చింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. పదోసారో పన్నెండోసారో కొట్టేసరికి ఇక కాసేపు ప్రయత్నించవద్దని ఆ స్టోరే ఆపేసింది. బాబాయి ఇచ్చిన బహుమతి పోయిందేమోనని వాడు బిక్కమొహం వేసుకుంటే చూడలేక ఆ సాయంత్రమంతా దాని మీదే కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, కోడ్‌లో తప్పు లేదు, సొమ్మూ ఎక్కడికీ పోలేదు. అమెరికా కార్డును మన దేశపు ఖాతాలో వేయబోయాము.

ఆ తరువాత బంధువుల ఇళ్లలో, మా అపార్ట్‌మెంట్‌లో ఇలాంటి చిక్కులు చాలా చూశాను. ప్రతిసారీ నేను మొదట అడిగేది ఒకటే: సొమ్ము ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? అమ్మినవారి దగ్గరే ఆగి ఉండవచ్చు, ఎవరూ వాడని కోడ్‌గా స్టోరు దగ్గర ఉండవచ్చు, లేదా ఇప్పటికే ఏదో ఒక ఖాతాలో చేరి ఉండవచ్చు. ఇది తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. తెలియకుండా కోడ్‌ను కొడుతూ పోతే ఉన్న చిక్కుకు మరో చిక్కు తోడవుతుంది.

కోడ్ తప్పు అని వస్తోంది

ముందు అక్షరాలు లెక్కపెట్టండి. గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లలో స్టీమ్ కోడ్‌లో 15, ప్లేస్టేషన్ కోడ్‌లో 12, నింటెండో కోడ్‌లో 16, ఎక్స్‌బాక్స్ కోడ్‌లో 25 ఉంటాయి. మధ్యలో వచ్చే అడ్డగీతలు లెక్కలోకి రావు. లెక్క కుదరకపోతే ఒక అక్షరమైనా జారిపోయి ఉండాలి, లేదా ఆ కోడ్ అసలు వేరే స్టోరుదై ఉండాలి. కోడ్ కొట్టి అందులోని సొమ్మునో బహుమతినో తీసుకోవడాన్ని రిడీమ్ చేయడం అంటారు. గేమ్ కంపెనీలు ఉచిత బహుమతుల కోసం విడుదల చేసే కోడ్‌లను కూడా రిడీమ్ కోడ్‌లనే అంటారు. పిల్లలు వాటిని తెచ్చి గూగుల్ ప్లేలో కొడుతుంటారు. అవి ఆ గేమ్‌వాళ్లు ఇచ్చిన పేజీలోనే పనిచేస్తాయి, ప్లే స్టోరులో కాదు.

స్టీమ్‌తో మరో తిరకాసు ఉంది. వాలెట్‌లో, అంటే స్టోరు ఖాతాలోని డబ్బు సంచిలో, డబ్బు వేసే కోడ్, నేరుగా ఒక గేమ్‌ను ఇచ్చే కోడ్, రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండింటిలోనూ సాధారణంగా 15 అక్షరాలే. కానీ వాటిని కొట్టాల్సిన చోట్లు వేరు. వాలెట్ కోడ్‌కు ఖాతాలో వాలెట్ కోడ్ రిడీమ్ చేసే పేజీ ఉంది. గేమ్ కోడ్‌ను ప్రోడక్ట్ యాక్టివేట్ చేసే చోట కొట్టాలి. ఒకచోట చెల్లకపోతే రెండోచోట ఒక్కసారి చూడండి.

లెక్క సరిపోయినా చెల్లకపోతే ఒకదానికొకటి పోలిన అక్షరాలను అనుమానించాలి. ఇంగ్లీషు బి అక్షరం 8లా, ఎస్ 5లా, జి 6లా, జడ్ 2లా కనిపిస్తాయి. సున్నాకు, ఓ అక్షరానికి తేడా తెలియదు. ఎక్స్‌బాక్స్ కోడ్‌లో ఇంగ్లీషు అచ్చులు ఐదూ ఉండవు, ఎల్, ఎస్ అక్షరాలూ 0, 1, 5 అంకెలూ ఉండవు. కాబట్టి అక్కడ మీకు ఎస్‌లాగో 5లాగో కనిపించింది మరేదో అయి ఉంటుంది, వెలుతురులోకి తెచ్చి మళ్లీ చూడండి. నింటెండో కోడ్‌లో ఓ, ఐ అక్షరాలు రావు. అక్కడ గుండ్రంగా ఉన్నది సున్నాయే.

కోడ్‌ను ఫోన్‌లో చదివి చెప్పించుకోకండి. బి, డి, పి, వి అన్నీ చెవికి ఒక్కలాగే తగులుతాయి. ఫోటో కూడా అంత మంచిది కాదు. అక్షరాలుగానే పంపమని అడిగి, కాపీ చేసి అతికించండి. అతికించినప్పుడు ముందో వెనకో ఒక ఖాళీ కలిసి వస్తే కొన్నిచోట్ల ఆ ఖాళీ వల్లే కోడ్ చెల్లదు, దాన్ని తీసేయండి. ఫోన్ కీబోర్డు తెలుగులో ఉంటే ముందుగా ఇంగ్లీషుకు మార్చుకోండి. మా పక్కింటి పెద్దాయన గంటసేపు తంటాలుపడ్డది దీనివల్లే.

దుకాణంలో కొన్న కార్డు అయితే, వెనక ఉన్న వెండి పూతను నాణెంతో గట్టిగా గీకితే కింది అక్షరాలు కూడా లేచిపోతాయి. అలా పోయినా సొమ్ము పోయినట్టు కాదు. కార్డు రెండు వైపులా ఫోటో తీసి, కొన్న రసీదుతో కలిపి స్టోరు సహాయ విభాగానికి పంపండి. రసీదు లేకపోతే మీ మాటకు బలం ఉండదు. అందుకే కార్డులో డబ్బు ఖాతాలో చేరేదాకా రసీదు పారేయకండి. కౌంటరులో కార్డును యాక్టివేట్ చేయడం మరిచిపోయినా కోడ్ చెల్లదు. దాన్ని కొన్న దుకాణంవాళ్లే సరిచేయగలరు, గేమ్ స్టోరుకు రాసి లాభం లేదు.

అన్నీ సరిగానే కొట్టాము, అయినా ఈ ఖాతాకు చెల్లదంటోంది

మా ఇంట్లో జరిగింది ఇదే. విదేశాల్లో పిల్లలు, అన్నదమ్ములు ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి జరిగేదీ ఇదే. పండక్కి, పుట్టినరోజుకు అక్కడి దుకాణంలో కార్డు కొని ఇక్కడికి పంపుతారు. గిఫ్ట్ కార్డు నగదులాంటిదే అయినా దానికి దేశం ఉంటుంది. ప్లేస్టేషన్‌లో కార్డు దేశమూ ఖాతా దేశమూ ఒకటే కావాలి, డాలర్ల కార్డు రూపాయల ఖాతాలో చేరదు. పైగా ఆ ఖాతాను తెరిచినప్పుడు పెట్టిన దేశాన్ని తరువాత మార్చుకోవడానికి వీలులేదు. ఎక్స్‌బాక్స్ కార్డును కూడా అది ఏ దేశానిదో ఆ దేశపు ఖాతాలోనే వేయాలి. గూగుల్ ప్లే కూడా ఇంతే. స్టీమ్ ఈ విషయంలో కాస్త ఉదారం. వేరే కరెన్సీ వాలెట్ కోడ్‌ను సాధారణంగా మీ ఖాతా కరెన్సీలోకి మార్చి జమ చేస్తుంది. వాలెట్‌లో మొదటిసారి డబ్బు వేస్తుంటే చిరునామా అడుగుతుంది. మీ కరెన్సీ ఏదో తేల్చడానికే అది, భయపడక్కరలేదు.

దీనికి మందు ఏమిటంటే, ముందుగా ఆగడం. కోడ్ ఇంకా ఎవరూ వాడలేదు, అందులో సొమ్ము భద్రంగా ఉంది. పంపినవారికి చెప్పి, ఆ కార్డును వాళ్లనే అక్కడ వాడుకోమనండి. మా తమ్ముడు అలాగే వాడుకుని, అంత సొమ్మును రూపాయల్లో మాకు పంపాడు. దానితో ఇక్కడే రూపాయల కార్డు కొన్నాము, రెండు నిమిషాల్లో పని అయిపోయింది. మరో దేశం పేరుతో కొత్త ఖాతా తెరవమని కొందరు సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. మీది కాని చిరునామా ఇవ్వాల్సి వస్తుంది. కొన్న గేములు రెండు ఖాతాల్లో చెల్లాచెదురవుతాయి. రేపు ఖాతాకు ఏదైనా ఇబ్బంది వస్తే అది మీదేనని రుజువు చేసుకోవడమూ కష్టమవుతుంది.

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లే పిల్లలకు ఇక్కడే ఒక మాట. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలరు. మార్చుకుంటే పాత దేశపు బ్యాలెన్స్ కొత్త దేశంలో పనికిరాదు. ఎక్స్‌బాక్స్‌కు వాడే మైక్రోసాఫ్ట్ ఖాతాలోని డబ్బు కూడా మీతో దేశం దాటదు. విమానం ఎక్కేలోపు ఉన్న రూపాయలను ఖర్చు చేసేయండి.

చాలాసార్లు ప్రయత్నించారు, తరువాత రండి అంటోంది

దొంగలు యంత్రాలతో కోడ్‌లు ఊహించి కొట్టకుండా స్టోర్లు పెట్టుకున్న కాపలా ఇది. కనీసం గంటసేపు ఆగండి. స్టీమ్ మీ ఖాతాతోపాటు మీ నెట్ కనెక్షన్ చిరునామాను (ఐపీ అడ్రస్) కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్ల అదే వైఫైలో అన్న ఖాతా నుంచి తమ్ముడు ప్రయత్నించినా ఫలితం ఉండదు. ఆ గంటలో కోడ్‌ను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని సరిచూడండి.

ఇప్పటికే వాడేశారు అంటోంది

ఈ మాట వినగానే మోసం జరిగిందని గుండె గుభేలుమంటుంది. చాలాసార్లు మాత్రం సొమ్ము మన ఇంట్లోనే మరో ఖాతాలో ఉంటుంది. ఒకే ఫోన్‌లో నాన్న ఖాతా, ఆఫీసు ఖాతా, పిల్లవాడి ఖాతా మూడూ ఉంటే, ప్లే స్టోరులో ఆ క్షణాన ఏది తెరిచి ఉందో దానిలోకే డబ్బు పోతుంది. ఆ బ్యాలెన్స్‌ను ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చలేరు. డబ్బు నాన్న ఖాతాలో చేరితే ఆ ఖాతా నుంచే ఖర్చు చేయాలి. అందుకే రిడీమ్ నొక్కే ముందు పైన మూలలో ఉన్న బొమ్మను నొక్కి, ఏ ఖాతాలో ఉన్నారో చూసుకోండి. మొదటిసారి నొక్కినప్పుడు నెట్ ఆగిపోయి ఏమీ కానట్టు కనిపించినా, వెనకాల డబ్బు చేరిపోయి ఉండవచ్చు. స్టోరులో కొనుగోళ్ల చరిత్ర తెరిస్తే తెలిసిపోతుంది.

ఇంట్లో ఏ ఖాతాలోనూ కనబడకపోతే స్టోరు సహాయ విభాగానికి రాయండి. కోడ్, కొన్న తేదీ, రసీదు, తెర మీద వచ్చిన సందేశపు ఫోటో అన్నీ మొదటి ఉత్తరంలోనే పెట్టండి. వాళ్లు ఒక్కొక్కటి అడగడం, మీరు ఒక్కొక్కటి పంపడం మొదలైతే వారాలు గడిచిపోతాయి.

గూగుల్ ప్లే కొన్నిసార్లు కోడ్ కొట్టగానే మరింత సమాచారం కావాలని ఒక పత్రం చూపిస్తుంది. మీరు నేరం చేశారని కాదు. కార్డు ఫోటో, రసీదు జతచేసి ఆ పత్రం నింపి పంపండి.

డబ్బు పోయింది, కోడ్ రాలేదు

సొమ్ము అమ్మినవారి దగ్గరో, బ్యాంకుల మధ్యనో ఉంది. మెయిల్‌లో స్పామ్, ప్రమోషన్స్ విభాగాలు చూడండి, కొన్న యాప్‌లో మీ ఆర్డర్ల పేజీ చూడండి. కొత్త ఖాతాతో పెద్ద మొత్తానికి కొంటే పరిశీలన కోసం కొన్ని గంటలు ఆపి ఉంచే అమ్మకందారులూ ఉన్నారు. ఈలోగా రెండోసారి కొనేయకండి.

యూపీఐలో మీ ఖాతా నుంచి డబ్బు పోయి, అమ్మినవారికి మాత్రం చెల్లింపు ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తరువాత ఐదు రోజుల్లోగా ఆ డబ్బు దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల రిఫరెన్స్ నంబరు చేతిలో ఉంచుకోండి. అమ్మినవారికి డబ్బు అందినా కోడ్ ఇవ్వకుండా నానుస్తుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

స్టీమ్‌లో స్నేహితుడు నేరుగా డిజిటల్ గిఫ్ట్ కార్డు పంపితే అసలు కోడే రాదు. వచ్చిన మెయిల్‌ను తెరిచి బహుమతిని స్వీకరిస్తే డబ్బు వాలెట్‌లో చేరుతుంది. ఆ కార్డు పంపాలంటే ఇద్దరూ స్టీమ్‌లో కనీసం మూడు రోజులుగా స్నేహితులై ఉండాలి. పుట్టినరోజు నాడే స్నేహితుల జాబితాలో చేర్చుకుంటే ఆ రోజుకు పని కాదు.

డబ్బు చేరింది, అయినా గేమ్ కొనలేకపోతున్నాడు

పిల్లల ఖాతా అయితే తల్లిదండ్రుల అనుమతి వైపు చూడండి. ప్లేస్టేషన్‌లో పిల్లల ఖాతాకు సొంత వాలెట్ ఉండదు. కుటుంబ నిర్వాహకుడి వాలెట్ నుంచే డబ్బు పోతుంది. అందువల్ల కార్డును అమ్మో నాన్నో తమ ఖాతాలో వేసుకుని, పిల్లవాడికి నెలవారీ ఖర్చు పరిమితి పెట్టాలి. పరిమితి సున్నా ఉంటే వాలెట్‌లో ఎంత ఉన్నా లాభం లేదు.

అమెరికాలో ఉన్నవారికి మరో కారణం కూడా ఉంటుంది. 69.99 డాలర్ల గేమ్‌కు 70 డాలర్లు వేసినా, చాలా రాష్ట్రాల్లో చివరి మెట్టులో అమ్మకపు పన్ను కలుస్తుంది, బ్యాలెన్స్ చాలదు. పన్నుకు సరిపడా అదనంగా వేసుకోండి.

కోడ్ వేరేవాళ్లకు చెప్పేశాము

బ్యాంకు నుంచి, పోలీసు శాఖ నుంచి, పన్నుల కార్యాలయం నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, గిఫ్ట్ కార్డులు కొని కోడ్ చదవమన్నవారు మోసగాళ్లే. ఏ ప్రభుత్వ కార్యాలయమూ గేమ్ కార్డులతో డబ్బు తీసుకోదు. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, కనబడిన నంబరుకు ఫోన్ చేసి కోడ్ చెప్పినవారినీ చూశాను. స్టీమ్‌కు అసలు ఫోన్ సహాయమే లేదు. ఆ పేరుతో ఎవరైనా ఫోన్‌లో మాట్లాడితే వెంటనే పెట్టేయండి. సగం ధరకే కోడ్‌లంటూ అమ్మే గుంపుల దగ్గరా కొనకండి. దొంగిలించిన బ్యాంకు కార్డుతో కొన్న కోడ్ అయితే స్టోరు ఆ సొమ్మును వెనక్కి లాక్కుంటుంది, మీ ఖాతానూ ఆపేయవచ్చు.

ఇప్పటికే చెప్పేసి ఉంటే సిగ్గుపడుతూ ఆలస్యం చేయకండి, నిమిషాలు కూడా విలువైనవే. కోడ్‌ను ఇంకా ఎవరూ వాడలేదేమో, మీ ఖాతాలో చెల్లుతుందేమో వెంటనే కొట్టి చూడండి. చెల్లకపోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కార్డు అమ్మినవారికీ గేమ్ స్టోరుకూ అదే గంటలో రాయండి. మోసగాడితో జరిగిన సందేశాలను కోపంతో చెరిపేయకండి. వాటి ఫోటోలు, రసీదు, కోడ్ రాసుకున్న కాగితం ఒకచోట పెట్టుకోండి. పోలీసులు మొదట అడిగేవి అవే.